బడిలో స్క్రీన్ ఉంది సరే, మీ పిల్లలు దానితో ఏం చేస్తున్నారు?

దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో 1 నుంచి 5వ తరగతి వరకు చదివే పిల్లల తల్లిదండ్రుల కోసం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ రింగ్ రోడ్డు దాకా మెట్రో పిల్లర్ల వెంట ఒకసారి నడిచి చూడండి. మే, జూన్ నెలల్లో గోడలకు, ఆటోల వెనకాల, కరెంటు స్తంభాలకు ఎటు చూసినా స్కూల్ అడ్మిషన్ల ప్రకటనలే. చాలావాటి మీద ‘డిజిటల్ క్లాస్’ అనో, ‘స్మార్ట్ క్లాస్’ అనో పెద్ద అక్షరాలతో ఉంటుంది. నల్గొండ వైపు నుంచో, పాలమూరు వైపు నుంచో పని కోసం వచ్చి ఇక్కడే కిరాయికి ఉంటున్న కుటుంబాలు ఆ మాట చూసి అప్పు చేసైనా ఫీజు కడుతున్నాయి. ఎక్కడ చదివించుకోవాలన్నది మీ ఇష్టం, అందులో మేం జోక్యం చేసుకోం. కానీ ఆ ఒక్క మాట కోసమే డబ్బు కడుతుంటే మాత్రం, కట్టే ముందు ఇది చదవండి. ఎవరైనా చదివి వినిపిస్తుంటే చివరిదాకా వినండి.

సర్కారు బడిలో ఏమున్నాయి?

అన్ని బడుల్లో ఒకేలా లేవు. ఇది ముందే చెప్పాలి. 2022 మార్చి 8న మొదలైన ‘మన ఊరు – మన బడి’ కార్యక్రమాన్ని నగరాల్లో ‘మన బస్తీ – మన బడి’ అన్నారు. తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు, ఫర్నిచర్ లాంటి 12 రకాల పనుల్లో డిజిటల్ సదుపాయాలు కూడా ఒకటి. మొదటి విడతలో రాష్ట్రవ్యాప్తంగా 9,123 బడులను తీసుకున్నారు. 2024 నుంచి బడి పనులను అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా చేయిస్తున్నారు. కాబట్టి ఒక బడిలో పెద్ద టీవీ ఉండొచ్చు, పక్క బస్తీ బడిలో ఒక కంప్యూటరే ఉండొచ్చు, ఇంకో చోట టీచర్ చేతిలోని ఫోన్ తప్ప ఏమీ లేకపోవచ్చు.

ఏ బడిలో చదివినా మీ పిల్లల బ్యాగులో మాత్రం ఒకటి తప్పకుండా ఉంటుంది, అది పాఠ్యపుస్తకం. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన ఆ పుస్తకంలో పాఠాల దగ్గర నలుపు తెలుపు గళ్లతో చిన్న చదరం కనిపిస్తుంది. అదే క్యూఆర్ కోడ్. దాని వెనక ఆ పాఠానికి సంబంధించిన వీడియోనో, బొమ్మలో, ప్రశ్నలో ఉంటాయి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. కొత్తపేటలో పండ్ల బండి మీద అంటించేదీ క్యూఆర్ కోడే కదా అని పుస్తకంలోని కోడ్‌ను ఫోన్‌పేలో స్కాన్ చేస్తే ఏమీ రాదు. ఇది డబ్బులు పంపే కోడ్ కాదు. ప్లే స్టోర్‌లో ‘దీక్ష’ అనే యాప్ దొరుకుతుంది. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చింది, పైసా ఖర్చు లేదు. యాప్ తెరిచి భాష, రాష్ట్రం, తరగతి ఎంచుకుని స్కాన్ గుర్తు నొక్కండి. కెమెరా సరిగా లేకపోయినా ఇబ్బంది లేదు. కోడ్ కింద ఆరు అక్షరాలు, అంకెలు కలిపి ఉంటాయి, వాటిని టైప్ చేసినా పాఠం వస్తుంది. వైఫై దొరికిన చోట డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే తర్వాత డేటా లేకుండానే చూడొచ్చు.

టీ-శాట్ సంగతి కొంతమందికి గుర్తుండే ఉంటుంది. కరోనా సమయంలో బడులు మూసి ఉన్నప్పుడు 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చాయి. టీ-శాట్ యాప్, యూట్యూబ్ ఛానల్ ఇప్పటికీ ఉన్నాయి.

వీటన్నిటికంటే కొత్తది కృత్రిమ మేధ సాయంతో నేర్పే పద్ధతి. జనం నోట ‘ఏఐ క్లాసులు’ అయింది. బెంగళూరులోని ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సహకారంతో 2025 ఆరంభంలో రాష్ట్రంలోని కొన్ని జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, తర్వాత మరిన్ని బడులకు విస్తరించారు. 3, 4, 5 తరగతుల్లో చదవడంలో, లెక్కల్లో వెనుకబడిన పిల్లల కోసం ఇది. ఒక్కొక్కరూ ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చుంటారు. తెలుగు చదవడం, లెక్కలు చేయడం సాధన చేస్తారు. వచ్చింది వచ్చినట్టు ముందుకెళ్తారు, రానిది మళ్లీ వస్తుంది. ప్రాథమిక బడిలో కంప్యూటర్లు లేకపోతే దగ్గర్లోని హైస్కూల్ కంప్యూటర్లు వాడే ఏర్పాటు చేశారు. మీ బడికి ఇది వచ్చిందా, వస్తే మీ పిల్లల పేరు అందులో ఉందా అన్నది హెడ్‌మాస్టర్‌ను అడగండి. వెనుకబడిన పిల్లల జాబితాలో పేరుందని చిన్నబోవద్దు. ఆ పేరు లేకపోతేనే నష్టం.

కంప్యూటర్ ఉంటే చదువు వచ్చేస్తుందా?

రాదు. పథకం గురించి చెప్పే కాగితంలో ఈ మాట ఎందుకు అంటే, నిజం తెలిస్తేనే మీరు సరైన ప్రశ్న అడగగలరు.

దక్షిణ అమెరికాలో పెరూ అనే దేశం ఉంది. అక్కడి పల్లెటూరి బడి పిల్లలకు ప్రభుత్వం లక్షల సంఖ్యలో ల్యాప్‌టాప్‌లు పంచింది. 319 బడుల్లో పరిశీలించి 2012లో నివేదిక ఇచ్చారు. పిల్లలకు కంప్యూటర్ వాడటం బాగా వచ్చింది కానీ, లెక్కల్లో, భాషలో మార్పేమీ కనపడలేదు. యంత్రం ఇచ్చి వదిలేస్తే జరిగేది అదే.

మన దేశంలోనే గుజరాత్‌లోని వడోదరలో దీనికి భిన్నంగా జరిగింది. మున్సిపల్ బడుల్లో 4వ తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు కంప్యూటర్ ఇచ్చారు. అది కూడా ఇద్దరికి ఒకటి. అందులో లెక్కల ఆటలుండేవి, పిల్లల స్థాయిని బట్టి ప్రశ్నలు మారేవి. లెక్కల్లో పిల్లలు స్పష్టంగా మెరుగుపడ్డారు. తర్వాత 2019లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో కూడా ఈ అధ్యయనం చేసినవారిలో ఉన్నారు. పెరూలో ఒక్కొక్కరికీ ఒక ల్యాప్‌టాప్ ఉన్నా రాని ఫలితం, ఇక్కడ ఇద్దరికి ఒక్క కంప్యూటర్‌తో వచ్చింది.

గుజరాత్‌లోనే చేసిన మరో అధ్యయనం ఇంకా ముఖ్యమైన విషయం చెప్పింది. టీచర్ పాఠం చెప్పే సమయాన్ని తీసేసి కంప్యూటర్ ముందు కూర్చోబెడితే పిల్లలు వెనకబడ్డారు. అదే కంప్యూటర్‌ను బడి సమయం అయ్యాక అదనంగా ఇస్తే, ముఖ్యంగా వెనుకబడిన పిల్లలకు మేలు జరిగింది. అంటే యంత్రం టీచర్ పాఠానికి తోడుగా ఉంటే లాభం, టీచర్ కుర్చీలో కూర్చుంటే నష్టం. గోడ మీద ‘డిజిటల్ క్లాస్’ అని రాసిన ఏ స్కూల్‌నైనా, ప్రైవేటైనా సర్కారుదైనా, మీరు అడగాల్సింది స్క్రీన్ ఎన్ని అంగుళాలని కాదు. ‘అది నడుస్తున్నప్పుడు టీచర్ ఏం చేస్తారు? మా పిల్లలు ఏం చేస్తారు?’ అని.

మంచి వాడకం ఎలా ఉంటుంది?

బడికి వెళ్లినప్పుడు కిటికీలోంచి చూస్తే మీకే తెలిసిపోతుంది. టీవీలో పాట వస్తుంటే పిల్లలు నోళ్లు తెరిచి చూస్తున్నారంటే అది సినిమా. టీచర్ వీడియోను మధ్యలో ఆపి ‘తర్వాత ఏం జరుగుతుంది?’ అని అడుగుతుంటే, పిల్లలు ఒకరి మీద ఒకరు పడి జవాబు చెబుతుంటే, అది పాఠం. ఇంకో మంచి కిటుకు ఉంది. మొదట సౌండ్ తీసేసి బొమ్మలు మాత్రమే చూపిస్తారు. కథ పిల్లలే చెప్పాలి. ఆ తర్వాత సౌండ్ పెట్టి వినిపిస్తారు. నోరు విప్పని పిల్లలు కూడా అలా మాట్లాడతారు. దీనికి టీవీ చాలు, కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు.

ఒక్క ఫోన్‌తో ఏం చేయొచ్చో చూడండి. రెండో తరగతి పాప పాఠం చదువుతుంటే టీచర్ రికార్డు చేసి వెంటనే వినిపిస్తారు. ఎక్కడ తడబడిందో ఎవరూ చెప్పకముందే పాపకు తెలుస్తుంది. నెల తర్వాత మళ్లీ రికార్డు చేసి రెండూ పక్కపక్కన వినిపిస్తే, మార్కుల కాగితం చెప్పలేనిది ఆ గొంతు చెబుతుంది. తల్లిదండ్రుల సమావేశంలో మీకూ వినిపించమని అడగండి.

మన ప్రాంతం బడుల్లో ఇళ్లలో తెలుగు మాట్లాడని పిల్లలు కూడా ఉంటారు. లంబాడీ, ఉర్దూ, హిందీ, మరాఠీ, ఒడియా వినిపిస్తుంటాయి. వాళ్లకు పుస్తకంలో ‘చీపురు’ అని రాసి ఉంటే అర్థం కాదు, చూపిస్తే వెంటనే ‘ఝాడూ’ అంటారు. తరగతిలో చీపురు, చెంబు, గొడుగు ఫొటోలు తీసి, ఒక్కో ఫొటోకు పిల్లలు వాళ్ల వాళ్ల ఇంటి మాటను చెప్పి రికార్డు చేస్తే ఆ క్లాసుకు సొంత నిఘంటువు తయారవుతుంది. ఇంటి దగ్గర అమ్మమ్మను అడిగి ఇంకో పది మాటలు తెచ్చుకుంటారు. నాకు తెలిసినంతలో బడిలో ఫోన్‌ను ఇంతకంటే బాగా వాడే పద్ధతి లేదు. ఎందుకంటే తెలుగు రాదని వెనక బెంచీలో కూర్చున్న పిల్లలు ఆ రోజు మిగతావారికి నేర్పేవాళ్లవుతారు.

పెసలు మొలకెత్తడం పాఠంలో ఉంటుంది. గ్లాసులో తడి గుడ్డ మీద పెసలు వేసి, రోజూ ఒకే సమయానికి, ఒకే చోటు నుంచి ఒక ఫొటో. వారం తర్వాత ఆ ఫొటోలను వేగంగా జరిపితే మొలక కళ్ల ముందే లేస్తుంది. మ్యాప్ పాఠానికైతే ఉపగ్రహ చిత్రంలో బడి కప్పు వెతకడం, అక్కడి నుంచి సరూర్‌నగర్ చెరువుకు దారి గీయడం. కూడికలు, తీసివేతలు వచ్చిన పిల్లలకు ‘ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి మలక్‌పేటలో దిగితే మధ్యలో ఎన్ని స్టేషన్లు?’ అని అడిగితే చాలు. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, ముసారాంబాగ్, న్యూ మార్కెట్ అని వేళ్ల మీద లెక్కబెడతారు. మెట్రో ఎక్కనివారు కూడా లెక్కబెడతారు, రోజూ కిందనుంచి చూస్తూనే ఉంటారు కదా.

ఒక మాట టీచర్ల తరఫున. చాలా ప్రాథమిక బడుల్లో ఒకే టీచర్ రెండు మూడు తరగతులు చూసుకోవాల్సి వస్తోంది. మూడో తరగతికి వీడియో పెట్టి ఐదో తరగతికి లెక్కలు చెబుతుంటే అది నిర్లక్ష్యం అనుకోవద్దు. వీడియో అయ్యాక మూడో తరగతి దగ్గరకు వచ్చి ప్రశ్నలు అడుగుతున్నారా లేదా అన్నదే చూడాల్సింది.

ఇంట్లో ఒక్క ఫోన్ ఉంటే

చాలా ఇళ్లలో ఉన్నది ఒకటే ఫోన్. అది నాన్నతో పాటు పనికి వెళ్లి రాత్రి ఎనిమిదింటికి ఇంటికి వస్తుంది. అప్పటికి అందరూ అలసిపోయి ఉంటారు. గంటలు గంటలు అక్కర్లేదు, పదిహేను నిమిషాలు చాలు. రీల్స్ కంటే ముందు ఆ పదిహేను నిమిషాలు పక్కకు పెట్టండి.

కీబోర్డులో మైక్ గుర్తు ఉంటుంది. భాష తెలుగు పెట్టి, పిల్లలను పుస్తకంలోని ఒక వాక్యం చదవమనండి. ఫోన్ విన్నది విన్నట్టు రాస్తుంది. పుస్తకంలో ఉన్నదీ ఫోన్‌లో వచ్చిందీ ఒకటేనా అని పిల్లలే పోల్చి చూసుకుంటారు. ఇది కొత్త ఆలోచనేం కాదు. ఇరవై ఏళ్ల కిందటే మన హైదరాబాద్‌లో సుగతా మిత్రా, జేమ్స్ టూలీ తదితరులు 16 మంది పిల్లలతో ఇలాంటి ప్రయోగం చేసి 2003లో ప్రచురించారు. తక్కువ ఫీజు తీసుకునే ఒక ప్రైవేటు స్కూల్ పిల్లలు కంప్యూటర్‌తో ఇంగ్లిష్ మాట్లాడి, అది తమ మాటను సరిగా రాసేదాకా పలుకుతూ ఉచ్చారణ సరిచేసుకున్నారు. అప్పుడు దానికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చింది. ఇప్పుడు మీ ఫోన్‌లోనే ఉంది. కాకపోతే ఫోన్ కూడా తప్పు వింటుంది, మన ప్రాంతపు యాస దానికి పూర్తిగా అర్థం కాదు. ఫోన్ తప్పు రాసినంత మాత్రాన పిల్లలు తప్పు చదివారని కోప్పడొద్దు.

మీకు చదవడం రాకపోయినా పిల్లలకు చదువు వస్తోందో లేదో తెలుసుకోవచ్చు. పాఠం చదవమంటే కంఠతా పట్టి అప్పజెప్పేస్తారు. అందుకే వాళ్లు ఎప్పుడూ చూడని కాగితం ఇవ్వండి. కిరాణా కొట్టులో పొట్లం కట్టిన పేపర్ ముక్కైనా సరే. వేలితో చూపిస్తూ చదవమనండి, తర్వాత ‘ఏముంది అందులో?’ అని అడగండి. వేలు ఒకచోట, నోరు ఒకచోట ఉంటే మీకే కనపడుతుంది. 2022 ఆగస్టు 15న మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం 1 నుంచి 5వ తరగతి పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా రావాలనే. టీచర్ దగ్గర మీ పిల్లల స్థాయి రాసి ఉంటుంది. చూపించమని అడిగే హక్కు మీకుంది. మూడో తరగతి దాటాక కూడా చదవడం రాకపోతే, ఆ పైన సైన్సు, సోషల్ ఏ పాఠమైనా అందదు. హైస్కూల్లో చేరాక సరిదిద్దడం చాలా కష్టం.

కథల పుస్తకాలు కొనలేకపోతే ప్రథమ్ బుక్స్ వారి ‘స్టోరీవీవర్’లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. బొమ్మలతో, స్థాయిల వారీగా ఉంటాయి. డౌన్‌లోడ్ చేసి జిరాక్స్ తీయించుకోవడానికీ అభ్యంతరం లేదు.

జాగ్రత్త

సర్కారు బడిలో టీవీకి, కంప్యూటర్‌కు, ఏఐ క్లాసుకు ఫీజు లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి వరకు చదువు ఉచితం. ఎవరైనా అడిగితే రసీదు అడగండి.

‘విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్, ఈ లింక్ నొక్కండి’ అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు నమ్మొద్దు. పుస్తకంలోని పాఠం చూడటానికి మీ బ్యాంకు ఖాతా, ఓటీపీ ఏవీ అక్కర్లేదు. అడిగితే అది మోసం. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి. పిల్లల ఫొటోలు, వీడియోలు బయటివాళ్లు తీసి పెట్టుకుంటుంటే ఎందుకని అడగొచ్చు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ముఖ్యం.

కంప్యూటర్ గదికి తాళం వేసి ఉంటే

ఇది ఊహించి రాస్తున్నది కాదు, ఫిర్యాదుల్లో మాకు తరచూ వినిపించే మాటే. టీవీ వచ్చింది, పాడైంది, బాగు చేయించలేదు. లేదా దొంగలు పడతారని బీరువాలో పెట్టారు. ముందు హెడ్‌మాస్టర్‌తో మామూలుగా మాట్లాడండి. చాలాసార్లు ప్లగ్ పాయింట్ లేకనో, నెట్ బిల్లు కట్టడానికి డబ్బు లేకనో ఆగి ఉంటుంది.

అక్కడ తేలకపోతే కమిటీలో అడగండి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి మహిళా సంఘాల సమాఖ్య నుంచి వచ్చిన అధ్యక్షురాలు ఉంటారు, హెడ్‌మాస్టర్ కన్వీనర్. మీ సంఘం లీడర్‌కు చెబితే మాట అక్కడికి చేరుతుంది. అడిగిన విషయం మినిట్స్ పుస్తకంలో రాయించండి.

ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌తో బడి సొంతంగా ఇచ్చిన వివరాలు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. కంప్యూటర్లు ఎన్ని, కరెంటు ఉందా, ఇంటర్నెట్ ఉందా అన్నీ ఉంటాయి. కాగితం మీద ఉన్నవి గదిలో లేకపోతే అడగడానికి అదే ఆధారం. రాతపూర్వకంగా కావాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు.

ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలన్న దగ్గర మన ప్రాంతంలో గందరగోళం ఉంది, ఎందుకంటే జిల్లా హద్దు ఇక్కడే పోతుంది. మలక్‌పేట, సైదాబాద్ వైపు బడులు హైదరాబాద్ జిల్లాలోకి వస్తాయి. సరూర్‌నగర్, ఎల్బీనగర్, హయత్‌నగర్ వైపు బడులు రంగారెడ్డి జిల్లా. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల వాళ్లు ఇంటి చిరునామా చూసుకోవద్దు, బడి బోర్డు మీద రాసిన మండలం, జిల్లా చూసుకోండి. మొదట మండల విద్యాధికారి కార్యాలయం, అక్కడ పని కాకపోతే జిల్లా విద్యాధికారి. ఆ పైన సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణి. రంగారెడ్డి కలెక్టరేట్ ఇప్పుడు కొంగరకలాన్‌లో ఉంది, పాత అడ్రస్ అనుకుని లక్డీకాపూల్ వెళ్తే ఒక రోజు కూలి పోతుంది. వెళ్లేటప్పుడు బడి పేరు, యూడైస్ కోడ్, కమిటీ మినిట్స్ ఫొటో, సమస్య రాసిన కాగితం రెండు కాపీలు వెంట తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి.